ఎనిమిదో గడి

ఆమె పేరుకు అర్థం, కొడుకు కలుగుగాక అని.
ఉల్‌బొసిన్.
నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదో పిల్లకు
మొయినాక్ రేవులో వలలు బాగుచేసే తండ్రి పెట్టుకున్న పేరు.
"మా నాన్న అంచనా తప్పింది,
అందుకే నేను అంచనాల శాఖలో చేరాను"
అని నవ్వేది.

నుకుస్ ప్రణాళికా కార్యాలయం, మూడో అంతస్తు,
ఎన్నడూ వేడెక్కని రేడియేటర్ పక్కన ఆమె బల్ల.
పూసల చట్రం మీద వేళ్లు కదిలితే
రేకుల మీద వడగళ్లు పడ్డట్టుండేది.
ఎదుటి బల్ల నాది. టైపు కొట్టేవాణ్ణి.

పత్తి నివేదికకు ఏడు గడులు.
నేల, విత్తనం, ఎరువు, కూలి, యంత్రం, రవాణా, దిగుబడి.
ఏడూ నిండితే దేశం కడుపు నిండినట్టే.
ఒక మార్చిలో, చేతికి ఉన్ని తొడుగుతోనే
ఆమె స్కేలు పెట్టి ఎనిమిదోది గీసింది.
పైన రాసింది: సముద్రానికి బాకీ.

కింద అంకెలు.
కాకిలెక్కలు కావు.
కాలువలు ఆము నది నుంచి తాగినది ఎంత,
చేను చేరకముందే ఇసుక మింగింది ఎంత,
అరల్ ఒడ్డు వెనక్కి నడిచింది ఎన్ని బారలు.
ఆ బారలు సెలవుల్లో తనే కొలిచింది,
తండ్రి వలతాడుతో.

కుతిబయెవ్ కళ్లజోడు తీశాడు.
"సముద్రం ఏ శాఖ కిందికి వస్తుంది, అమ్మాయ్?
జీతాల పట్టీలో ఉందా?"
"లేదండి. అందుకే దాని అప్పు ఎవరికీ కనబడదు."

సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు.
బ్లేడుతో గీకాను.
సిరా పోయింది, కాగితం పల్చబడింది.
దీపానికి అడ్డుపెడితే
ఎనిమిదో గడి మిగతా ఏడింటికన్నా
ఎక్కువ వెలిగింది.

మర్నాడు ఆమె ఏమీ అనలేదు.
నా పియాలాలో టీ అంచుదాకా పోసింది.
మా వైపు గౌరవించే మనిషికి సగమే పోస్తారు,
మళ్లీ మళ్లీ పోయడానికి వీలుగా.
నిండా పోశారంటే
తాగి, లేచి వెళ్లమని.

తర్వాత ఆమెను చేపల డబ్బాల ఫ్యాక్టరీ పద్దులకు పంపారు.
నీళ్లు దూరమైపోయిన రేవుకి
ఎక్కడో చలిసముద్రపు చేపలు మంచులో పడుకుని
రైలెక్కి వచ్చేవి.
రవాణా ఖర్చు పక్కన ఆమె పెన్సిలు రాత:
"సముద్రాన్ని చూడ్డానికి వచ్చిన చుట్టాలు."
అందుకు ఒక నెల జీతం కోత.

దేశం పేరు మారింది. కుతిబయెవ్ పోయాడు.
ఉప్పుగాలి పసిపిల్లల ఊపిరిలోకి దిగాక
ఆ పాత అంకెలు వెతుక్కుంటూ
ఎక్కడెక్కడివాళ్లో విమానాల్లో వచ్చారు.
ఆమెను జెనీవాకు తీసుకెళ్లారు.
"సుస్థిర అభివృద్ధి అంటున్నారు, సర్సెన్‌బై,
రెండు రోజులు దాని మీదే మాట్లాడారు.
మా అమ్మ దాన్ని విత్తనాల సంచి అనేది.
ఎంత ఆకలైనా ఆ ముడి విప్పనిచ్చేది కాదు."

డెబ్భై రెండేళ్ల ఆమెను ఆఖరిసారి చూసింది
సముద్రం అడుగున.
నిజంగానే, అడుగున.
తుప్పుపట్టిన పడవ నీడలో కూర్చుని
సాక్సౌల్ మొక్కలు లెక్కపెడుతోంది.
నాటినవి కాదు, బతికినవి.
"నూటికి నలభై. రాయి."
నా చేతిలో కలం ఆగింది.
ఫోటోలకు వచ్చేవాళ్లున్నారు, డబ్బిచ్చేవాళ్లున్నారు.
"సగం అని రాద్దామా?" అన్నాను.

ఆమె నా వేళ్లకేసి చూసింది,
బ్లేడు పట్టిన వేళ్లకేసి.
నేను నలభై అనే రాశాను.

అప్పుడు ఫ్లాస్కు మూత తీసి
నా పియాలాలో టీ పోసింది,
సగానికి కాస్త తక్కువ.

ఫ్లాస్కులో అంతే మిగిలిందో,
నా లెక్క అంతేనో,
అడగలేదు.